గింజకి ప్రాణం ఉందా? బస్సుకి ఎందుకు లేదు?

సజీవుల లక్షణాలు ఏడు అని చెప్పి, కదలిక, పోషణ, శ్వాసక్రియ, విసర్జన, పెరుగుదల, ప్రతిస్పందన, ప్రత్యుత్పత్తి అని బోర్డు మీద రాసి, పిల్లల చేత రెండుసార్లు అనిపిస్తే ఈ పాఠం పావుగంటలో అయిపోతుంది. పరీక్షలో మార్కులు కూడా వచ్చేస్తాయి. కానీ అదే పిల్లల ముందు గుప్పెడు విత్తన వడ్లు పోసి, కిటికీలోంచి కనిపించే ఆర్టీసీ బస్సుని చూపించి, ఈ రెండింటిలో దేనికి ప్రాణం ఉందో ఆ ఏడు లక్షణాలతోనే తేల్చండి అంటే క్లాసంతా గందరగోళం. లెక్క పెట్టి చూడండి. బస్సు కదులుతుంది. డీజిల్ తాగుతుంది. గాలిలోని ఆక్సిజన్ తీసుకుంటుంది, అది అందకపోతే ఇంజన్‌లో డీజిల్ మండదు. పొగ వదులుతుంది. బ్రేకు తొక్కితే ఆగుతుంది. ఏడింటిలో ఐదు వచ్చేశాయి. మరి వడ్లగింజ? కదలదు, తినదు, పెరగదు, గిల్లినా పలకదు, గోనెసంచిలో ఆరు నెలలు అలాగే పడి ఉంటుంది. మార్కులు వేస్తే బస్సు పాసు, గింజ ఫెయిలు.

ఇందులో పిల్లల తప్పేం లేదు. లక్షణాల పట్టికను టిక్కులు పెట్టే కాగితంలా వాడితే ఎవరికైనా ఈ జవాబే వస్తుంది. ఆ ఏడూ నిజమైనవే, కాకపోతే ఒక రకం ప్రాణిని దాని బతుకంతా కలిపి చూసినప్పుడు కనిపించేవి. ఒక్క క్షణంలో ఒక్కదాన్ని చూసి తేల్చడానికి వాటిని వాడితే ఇలాగే బోల్తా కొడతాయి. ప్రాథమిక తరగతుల్లో పరిసరాల విజ్ఞానంలో ఒకసారి, పై తరగతుల సైన్సులో మళ్లీ ఎదురయ్యే ఈ పాఠం, రెండుసార్లూ పట్టికగానే మిగిలిపోతే, జీవశాస్త్రంలో మిగతాదంతా దాని మీదే నిలబడాలి కాబట్టి, నష్టం పదో తరగతి దాకా పోతుంది.

అసలు పాఠం మొదలవ్వాల్సింది పిల్లలు ఇప్పటికే ఏమనుకుంటున్నారో అక్కడ. డీఎస్సీకి చదివిన టీచర్లకి సర్వాత్మవాదం, అంటే ప్రాణం లేనివాటికి కూడా ప్రాణం ఉందనుకోవడం, అన్న మాట బిట్టు ప్రశ్నగా గుర్తుంటుంది. స్విట్జర్లాండ్‌కి చెందిన జీన్ పియాజె 1920ల్లో చిన్నపిల్లలను సూర్యుడికి ప్రాణం ఉందా, సైకిలుకి ఉందా, గాలికి ఉందా అని ఓపిగ్గా అడిగి, వాళ్ల జవాబులు వయసుతో ఎలా మారతాయో రాసుకున్నాడు. మొదట ఏదో ఒక పని చేసేదానికల్లా ప్రాణం ఉంటుంది, తర్వాత కదిలేదానికల్లా, ఇంకొంచెం పెద్దయ్యాక ఎవరూ తొయ్యకుండా తనంతట తను కదిలేదానికి, చివరికి జంతువులకీ మొక్కలకీ మాత్రమే. ఆ వయసుల లెక్క అన్ని చోట్లా ఒకేలా కుదరలేదని తర్వాతి వాళ్లు చూపించారు గానీ, కదలికే ప్రాణం అనుకోవడం, మొక్కలని చివరిదాకా లెక్కలోకి తీసుకోకపోవడం చాలా దేశాల పిల్లల్లో కనిపించాయి. బిట్టు ప్రశ్నగా గుర్తున్న ఈ సంగతి క్లాసులో అడుగు పెట్టగానే మాత్రం పక్కకి పోతుంది.

తెలుగు మాట్లాడే పిల్లలకి ఇంకో మెలిక కూడా ఉంది, అది భాషలోనే ఉంది. సూర్యుడు వచ్చాడు, చంద్రుడు వచ్చాడు అంటాం, తాతయ్య వచ్చాడు అన్నట్టే. శ్రీకాకుళం పక్కన అరసవల్లిలో రోజూ దణ్ణం పెట్టుకునే సూర్యనారాయణమూర్తికి ప్రాణం లేదని బడిలో చెబితే పిల్లకి రెండు మాటలూ ఎలా సర్దుకోవాలో తెలియదు. ఏడాదంతా నీళ్లుండే నదిని జీవనది అంటాం. ఛార్జింగ్ అయిపోతే ఫోన్ చచ్చిపోయింది అంటాం. గొర్రెలు, మేకలు కాసే ఇళ్లల్లో జీవాలు అంటే గొర్రెలూ మేకలే, ఇంకేమీ కాదు, అలాంటి ఇంటి పిల్లాడికి సజీవులు అనగానే జామచెట్టు ఎలా గుర్తొస్తుంది? వ్యాకరణం కూడా మొక్కను రాయి పక్కనే కూర్చోబెట్టింది. మేకని కట్టాడు, కోడిని పట్టాడు అంటాం, మేక కట్టాడు అంటే చెవికి తేడాగా తగులుతుంది. అదే మొక్క నాటాడు, చెట్టు కొట్టాడు అంటే ఏ తేడా అనిపించదు, రాయి విసిరాడు అన్నట్టే ఉంటుంది. ఇది ఎవరూ నేర్పని పాఠం, పిల్లలకి మాటలతోపాటే వచ్చేస్తుంది.

అలాగని భాషని తప్పుబట్టాల్సిన పని లేదు, ఎందుకంటే అదే భాషలో మందు కూడా ఉంది. ఉభాలు (వరి నాట్లు) అయిన నాలుగు రోజులకి మడి గట్టు మీద నిలబడి 'నాట్లు బతికాయి' అంటారు. నీళ్లందక ఎండితే 'నారు చచ్చిపోయింది' అంటారు. బండరాయి చచ్చిపోయిందని ఎవరూ అనరు. ఏది చచ్చిపోగలదు, ఏది చచ్చిపోలేదు అని అడిగితే చాలు, మూడో తరగతి పిల్లలు కూడా మొక్కను సరైన వైపు పెట్టేస్తారు. సజీవులు, నిర్జీవులు అన్న మాటలు తర్వాత చెప్పుకోవచ్చు. బడి చదువు జనం మాట్లాడే తెలుగులో ఉండాలని పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలోనే. ఒక పేజీలో ఇంగ్లీషు, పక్క పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు చేతిలో ఉన్న పిల్లలకి ఆయన చెప్పిన మాట ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది, ఎందుకంటే వాళ్లకి రెండు పేజీల్లోని మాటలూ కొత్తవే.

టెక్కలి దగ్గర తేలినీలాపురం తీసుకెళ్లి, కొంగలూ పెలికాన్లూ గూళ్లు కట్టుకున్న చింతచెట్టు చూపించి, అక్కడ ఎన్ని ప్రాణులు ఉన్నాయో లెక్కపెట్టండి అంటే పిల్లలు పక్షుల్ని లెక్కపెడతారు, కొందరు చీమల్నీ కలుపుతారు. చెట్టుని కలిపే వాళ్లు తక్కువ. అక్కడే ఆగి అడగాల్సిన ప్రశ్న అది.

ఇక కదలిక దగ్గరికి వద్దాం, ఎక్కువ చిక్కులు తెచ్చేది ఇదే. నాగావళి కదులుతుంది, మబ్బు కదులుతుంది, బస్సు కదులుతుంది, కొబ్బరి చెట్టు ఉన్నచోటే ఉంటుంది. 'తనంతట తను' అన్న షరతు పెట్టినా నది తప్పించుకుంటుంది, దాన్ని ఎవరు తోస్తున్నారో పిల్లలకి కనిపించదు కాబట్టి. పల్లానికి లాగేది భూమి అని, నాగావళి ఎప్పుడూ ఎగువకి పోదని, చేప మాత్రం ఏటికి ఎదురీదుతుందని చెబితే కొంత దారి దొరుకుతుంది. మొక్క విషయంలో బడి ఆవరణలోనే సాక్ష్యాలున్నాయి. నిద్రగన్నేరు చెట్టు సాయంత్రానికి ఆకులు ముడుచుకుంటుంది. గట్ల మీద పాకే అత్తిపత్తి తాకగానే ముడుచుకుంటుంది, ఆకు మొదట్లో ఉండే చిన్న బుడిపెలోని కణాలు నీటిని వదిలేయడం వల్ల అది జరుగుతుంది. ఒక కుండీని కిటికీ పక్కన పెట్టి వారం తర్వాత చూస్తే మొక్క వెలుతురు వైపు వంగి ఉంటుంది, కుండీ తిప్పేస్తే మళ్లీ ఇటు వంగుతుంది. రోజూ ఒకే చోట నిలబడి ఫోన్‌లో ఒక ఫోటో తీసి, పది ఫోటోలు వరసగా చూపిస్తే నెమ్మదిగా జరిగేది కళ్లముందు జరిగినట్టు కనిపిస్తుంది.

ఇక్కడే ఒక తప్పు సరిదిద్దాలి. మొక్కలకి ప్రాణం ఉందని కనిపెట్టింది జగదీశ్ చంద్రబోస్ అని జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో కనిపిస్తుంది. మొక్క బతుకుతుందనీ చస్తుందనీ వ్యవసాయం చేసే వాళ్లకి ఆయన పుట్టక ముందే తెలుసు. ఆయన చేసింది ఇంకా సూక్ష్మమైన పని. మొక్క ప్రతిస్పందనని యంత్రంతో కొలిచి, గీతగా గీయించి, 1901లో లండన్‌లో శాస్త్రవేత్తల ముందు చూపించాడు. తర్వాత కంటికి అందనంత చిన్న పెరుగుదలని కొన్ని వేల రెట్లు పెద్దదిగా చూపే క్రెస్కోగ్రాఫ్ తయారు చేశాడు. ఇంకో సంగతి బిట్టు ప్రశ్నల్లో ఉండదు. లోహపు తీగల్ని కదిపినా, మెలిపెట్టినా అలాంటి విద్యుత్ స్పందనే వస్తోందని, ఎక్కువసార్లు చేస్తే అవి కూడా అలసినట్టు గీత తగ్గుతోందని ఆయనే చూపించాడు. అంటే ప్రతిస్పందన ఒక్కటే పట్టుకుని ప్రాణం ఉందో లేదో తేల్చలేమని ఆయన ప్రయోగాల నుంచే తెలుస్తుంది.

శ్వాసక్రియ దగ్గర గందరగోళం చాలావరకు బడే తెచ్చిపెట్టింది. మనం ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాం, చెట్లు కార్బన్ డయాక్సైడ్ తీసుకుని ఆక్సిజన్ వదులుతాయి అని అందంగా ఒక వాక్యం చెప్పేస్తారు. దాంతో చెట్టు శ్వాస తీసుకోదు, తిరగేసి తీసుకుంటుంది అని పిల్లలకి ముద్ర పడిపోతుంది. నిజానికి చెట్టు రాత్రీ పగలూ మనలాగే ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటుంది, వేరు దగ్గర్నుంచి చిగురు దాకా ప్రతి బతికున్న కణమూ వాడుకుంటుంది. పగలు ఆకుల్లో ఆహారం తయారయ్యేటప్పుడు వచ్చే ఆక్సిజన్ అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి ఇది కనిపించకుండా పోతుంది. వరదలో పొలం రోజుల తరబడి మునిగితే కూరగాయ మొక్కలు చచ్చిపోయేది వేళ్లకి గాలి అందకే. వంశధార పక్కన పొలాలున్న ఇళ్ల పిల్లలకి ఈ మాట ఒక్కసారి చెబితే చాలు. ఊపిరి అంటే ముక్కు, ఛాతీ అని ఆగిపోకుండా, తిన్నదాన్ని ఒంట్లో మెల్లగా కాల్చి శక్తి తీసుకోవడం అని అర్థం చేయించాలి.

పెరుగుదలకి శ్రీకాకుళం జిల్లా దగ్గర చక్కని ఎదురు ఉదాహరణ ఉంది. నౌపడ ఉప్పు మడుల్లో సముద్రపు నీరు ఎండేకొద్దీ గళ్లుప్పు పెరుగుతుంది. ఎవరూ చెక్కకుండానే పలకలు పలకలుగా, చక్కని మూలలతో పెరుగుతుంది. క్లాసులో వేడినీళ్లలో పటిక బాగా కరిగించి దారం వేలాడదీస్తే రెండు రోజుల్లో స్ఫటికం పెరగడం చూడొచ్చు. మరి ఉప్పుకి ప్రాణం ఉందా? ఈ ప్రశ్న అడగకుండా పెరుగుదల ఒక లక్షణం అని రాయించడం వల్ల ఏ ఉపయోగమూ లేదు. ఉప్పుగల్లు మీద బయటినుంచి ఉప్పే వచ్చి అతుక్కుంటుంది, ఉన్న సరుకే పేరుకుంటుంది. గడ్డి తిన్న దూడ గడ్డిగా పెరగదు. ఆ గడ్డిని విడగొట్టి, దాంతో తన కండ, తన ఎముక, తన తోలు తయారు చేసుకుంటుంది. అదే గడ్డి తిన్న మేక, మేకగానే పెరుగుతుంది. మట్టిలోంచి నీరూ లవణాలూ, గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుని పనస చెట్టు పనస చెక్కని తయారు చేసుకుంటుంది.

పాఠానికి వెన్నెముక ఇక్కడే దొరుకుతుంది. బయటి సరుకుని తెచ్చుకుని, మార్చి, తన ఒంటిని తనే కట్టుకోవడం, దెబ్బ తగిలితే తనే పూడ్చుకోవడం. ఇప్పుడు బస్సుని మళ్లీ చూడండి. ఎన్ని లీటర్ల డీజిల్ పోసినా దానిలో చిన్న బోల్టు కూడా కొత్తగా పుట్టదు. టైరు అరిగితే డిపోలో ఎవరో మార్చాలి. మోకాలు దోక్కుపోయిన పిల్లాడికి వారంలో కొత్త చర్మం వస్తుంది, ఎవరూ తెచ్చి అతికించరు. పోషణ, శ్వాసక్రియ, విసర్జన, పెరుగుదల విడివిడిగా నాలుగు పాయింట్లు అనిపించేవి ఈ ఒక్క పనిలో భాగాలని పిల్లలకి అప్పుడు తెలుస్తుంది. కట్టడానికి సరుకు కావాలి, పనికి శక్తి కావాలి, పని జరిగితే చెత్త మిగులుతుంది. పొయ్యిలోని మంట కూడా తింటుంది, పెరుగుతుంది, గాలి తీసుకుంటుంది, బూడిద వదులుతుంది, పక్క కట్టెకి అంటుకుని ఇంకో మంటని పుట్టిస్తుంది. అయినా అది కట్టుకునే ఒళ్లు అంటూ ఏదీ లేదు, కణం లేదు. తెలివైన పిల్లలు తప్పకుండా మంట గురించి అడుగుతారు, అప్పుడు దాటవేయకూడదు.

ప్రత్యుత్పత్తి గురించి మాట జాగ్రత్తగా వాడాలి. 'పిల్లల్ని కనేవే సజీవులు' అని ఒక్క ముక్కలో చెప్పేస్తే, వెంటనే ఎవరో 'మరి పిల్లల్లేని మా పెద్దమ్మ?' అంటారు. పిల్లలు లేని పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, వాళ్ల ఇళ్ల పిల్లలూ ఆ క్లాసులోనే కూర్చుని ఉంటారు. గుర్రానికీ గాడిదకీ పుట్టే కంచరగాడిదకి పిల్లలు పుట్టవు, తేనెపట్టులో కూలి ఈగలు సాధారణంగా పిల్లల్ని కనవు, అయినా అవన్నీ ప్రాణమున్నవే. తనలాంటి వాటిని పుట్టించడం ఆ జాతి మొత్తానికి ఉన్న లక్షణం, ప్రతి ఒక్కదానికీ పెట్టే పరీక్ష కాదని మొదటే చెప్పేస్తే సరిపోతుంది. గిన్నెలో చూపించడానికి పెరుగు ఉంది. ఒక గిన్నె గోరువెచ్చని పాలలో మామూలు తోడు, ఇంకో గిన్నెలో బాగా మరిగించి చల్లార్చిన తోడు వేసి పెడితే, మొదటిది తోడుకుంటుంది, రెండోది తోడుకోదు. చెంచాడు తోడులోని బ్యాక్టీరియా రాత్రికి రాత్రి గిన్నె నిండా ఎలా అయ్యాయో పిల్లలే చెబుతారు.

ఇప్పుడు గింజ సంగతి, దీనికి కనీసం ఒక పీరియడ్ పూర్తిగా ఇవ్వాలి. కిళ్లీ కొట్లో దొరికే సున్నం నీళ్లలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచి పైన తేరిన తేటని వంచుకుంటే సున్నపు తేట తయారు (సున్నం కళ్లలో పడితే ప్రమాదం, ఇది టీచరే చేయాలి). మూత గట్టిగా పట్టే నాలుగు సీసాలు తీసుకోవాలి. ఒకదాంట్లో మొలకెత్తిన పెసలు, రెండోదాంట్లో ఉడకబెట్టి చల్లార్చినవి, మూడోదాంట్లో పొడి పెసలు, నాలుగోది ఖాళీ. ప్రతి సీసాలో చిన్న మూతలో సున్నపు తేట పోసి పెట్టి బిగించేయాలి. నాలుగైదు గంటల్లో మొలకల సీసాలో తేట పాలలా మారుతుంది, అంటే అక్కడ కార్బన్ డయాక్సైడ్ పుట్టింది. మిగతా మూడింటిలో చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. ఒక జాగ్రత్త, పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి చూసేయాలి. మర్నాటి దాకా ఉంచితే ఉడికించిన పెసలు పులిసి, వాటి మీద చేరిన సూక్ష్మజీవుల వల్ల ఆ తేట కూడా తెల్లబడుతుంది, ప్రయోగం ఫెయిలైందని టీచరుకి టెన్షన్. అలా జరిగినా పాడైపోయిందేమీ లేదు, చచ్చిన గింజల సీసాలో ఊపిరి తీసుకుంటున్నది ఎవరు అని అడగొచ్చు. గోగునార కోసం కట్టలు చెరువులో ఊరవేసినప్పుడు వచ్చే వాసన కూడా ఇలాంటిదే, గోగు చచ్చిపోయింది, దాన్ని తింటున్న బ్యాక్టీరియా బతికున్నాయి.

నాలుగు సీసాల్లో అసలు మెలిక పొడి పెసలది. వాటికీ ఖాళీ సీసాకీ తేడా కనిపించలేదు. మరి వాటికి ప్రాణం లేనట్టా? వాటిలో పదింటిని తడిపి పెడితే రెండు రోజుల్లో జవాబు తెలుస్తుంది. విత్తనం ఎండేకొద్దీ దాని లోపలి పనులన్నీ బాగా నెమ్మదిస్తాయి. వడ్లు విత్తనానికి దాచేటప్పుడు తేమ 13 శాతం మించకుండా ఎండబెట్టాలంటారు, రైతులు గింజ కొరికి పటుక్కున విరిగితే చాలంటారు, రెండూ ఒకే సంగతి. నీళ్లు తీసేస్తే బతుకు దాదాపు ఆగినట్టు ఉంటుంది, పోదు. ఇజ్రాయెల్‌లోని మసాడా కోటలో దొరికిన సుమారు 2,000 ఏళ్ల నాటి ఖర్జూరపు గింజ 2005లో నాటితే మొలిచింది. అన్నేళ్లూ ఏ టిక్కూ పడని వస్తువు అది. పలాస జీడిపిక్కతో ఇదే మాట ఇంకోలా చెప్పొచ్చు. పచ్చి పిక్క నాటితే మొలుస్తుంది, ఆవిరిలో ఉడికించి కొట్టి తీసిన పప్పు ఎన్ని రోజులు తడిపినా మొలవదు. చూడ్డానికి రెండూ ఒకేలా కదలకుండా ఉంటాయి, ఒకటి నిద్రపోతోంది, ఒకటి చచ్చిపోయింది.

గుడ్డు కూడా అంతే, పైగా మధ్యాహ్న భోజనంలో కంచంలోనే ఉంటుంది. లేయర్ ఫారాల్లో పుంజులుండవు కాబట్టి ఆ గుడ్లలో పిండం ఉండదు, ఎన్ని రోజులు పొదిగినా పిల్ల రాదు. ఇంట్లో పుంజుతో తిరిగిన నాటు కోడి పెట్టిన గుడ్డు 21 రోజులు పొదిగితే పిల్ల అవుతుంది. సిక్కోలు (శ్రీకాకుళం) తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుంట తవ్వి వంద దాకా గుడ్లు పెట్టి సముద్రంలోకి వెళ్లిపోతాయి. నెలన్నర నుంచి రెండు నెలలు ఆ తెల్లటి బంతులు కదలవు, ఇసుక వేడిని బట్టి లోపల ఆడపిల్లో మగపిల్లో తేలుతూ ఉంటుంది.

ఈ ఉదాహరణలతో పాఠం సజీవులు, నిర్జీవులు అనే రెండు గంపల నుంచి మూడు గంపలకి మారుతుంది, మారాలి కూడా. తెలుగులో నిర్జీవం అన్న మాట ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. నిర్జీవంగా పడి ఉన్నాడు అని పేపర్లో రాస్తే చనిపోయాడని అర్థం, పుస్తకంలో నిర్జీవి అంటే రాయి. ఈ రెండూ ఒకటి కావని విడిగా చెప్పకపోతే బల్ల, కాగితం, నూలు, ఎముక అన్నీ రాయితో కలిసిపోతాయి. ప్రాణం ఉన్నవి, ఒకప్పుడు ప్రాణం ఉండి పోయినవి, ఎప్పుడూ లేనివి అని మూడు వరసలు పెట్టుకుంటే పిల్లలు ఇంట్లో ప్రతి వస్తువునీ తిరగేసి చూడడం మొదలుపెడతారు. పొందూరు ఖాదీ తీసుకోండి. పత్తి గింజ బతికే ఉంటుంది, దాని మీద పెరిగిన పోగు మాత్రం పత్తికాయ పగిలి ఎండేసరికి చచ్చిన కణం. ఆ పోగుని దువ్వడానికి పొందూరులో వాడేది వాలుగ చేప దవడ ఎముక, అది కూడా ఒకప్పటి ప్రాణిదే. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో బెండు ముక్కని చూసి మొదటిసారి కణం అని పేరు పెట్టాడు, ఆయన చూసింది కూడా చచ్చిన కణాల ఖాళీ గోడలే.

బొబ్బిలి వీణ పనస చెక్కతో చేస్తారు. చెట్టుగా ఉన్నప్పుడు సజీవం, వీణ అయ్యాక పోయింది అని సులువుగా చెప్పేయొచ్చు గానీ, కొంచెం లోతుకి వెళ్తే బాగుంటుంది. నిలబడి ఉన్న పనస చెట్టులోనే నడిమధ్య పసుపు పచ్చటి చేవ భాగంలో కణాలు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి. బతికున్న భాగమంతా బెరడు కిందనున్న పొరలోనూ, దాన్ని ఆనుకున్న లేత చెక్కలోనూ, ఆకుల్లో, చిగుళ్లలో, వేళ్లలో ఉంటుంది. చేవ ఉన్న మాను అని మెచ్చుకునేది చెట్టులోని చచ్చిన భాగాన్నే, చెట్టు బరువు మోసేది కూడా ఎక్కువగా అదే. మన గోళ్లూ జుట్టూ కూడా అంతే, కత్తిరిస్తే నొప్పి ఉండదు. విజయనగరంలో దసరా తర్వాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం కోసం ముందుగానే పూజ చేసి చింతమాను కొడతారు. ఆ మాను ఏ రోజు చనిపోయింది అని అడిగితే పిల్లలు 'కొట్టిన రోజే కదండీ' అంటారు. కొట్టిన కొన్నాళ్ల దాకా బెరడు కింద కణాలు బతికే ఉండొచ్చు, నేలలో మిగిలిన మోడు చిగురు వేయొచ్చు కూడా. చెట్టు చావు మనిషి చావులా ఒక్క ఘడియలో జరిగేది కాదు.

శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి తోటల ప్రాంతమైన ఉద్దానంలో ఇది పుస్తకం అవసరం లేని సంగతి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. పిల్లలు ఇంట్లో ఆ కథ విన్నవాళ్లే. కొబ్బరికి పెరిగే మొగ్గ ఒక్కటే ఉంటుంది, తల మధ్యలోని మొవ్వు. మొవ్వు విరిగిందంటే ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నా చెట్టు పోయినట్టే, కొత్త ఆకు రాదు. వంగిపోయినా మొవ్వు బాగుండి, కొన్ని వేళ్లు మట్టిలో పట్టుకుని ఉంటే తల మళ్లీ పైకి తిరుగుతుంది. పచ్చగా ఉంది కాబట్టి బతికే ఉంది అన్న లెక్క కొబ్బరి దగ్గర పనిచేయదు. కొత్త కణాలు పుడుతున్నాయా లేదా అని చూడాలి, రైతు కూడా మొవ్వునే చూస్తాడు.

వైరస్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు. బెండ తోటలో ఈనెలు పసుపు పచ్చగా మారే పల్లాకు తెగులు వైరస్ వల్ల వచ్చేదే. బయట ఉన్నప్పుడు వైరస్ ఏ పనీ చేయదు, కణంలో దూరాక ఆ కణం సరంజామానే వాడుకుని తనలాంటివి వేలకొద్దీ తయారు చేయిస్తుంది. 1935లో అమెరికాలో వెండెల్ స్టాన్లీ పొగాకు మీద తెగులు తెచ్చే వైరస్‌ని ఉప్పులాగా స్ఫటికాలుగా విడదీశాడు, ఆ స్ఫటికాలు తర్వాత కూడా తెగులు తేగలిగాయి. దాన్ని ఏ గంపలో వేయాలో శాస్త్రవేత్తలే ఒక మాట మీద లేరు, ఆరో తరగతి పిల్లలకి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పేయడమే మంచిది. 1976లో అంగారకుడి మీద దిగిన వైకింగ్ నౌకలు కూడా దాదాపు సున్నపు తేట ప్రయోగం లాంటిదే చేశాయి, అక్కడి మట్టికి పోషక ద్రవం పెట్టి ఏదైనా గ్యాస్ వస్తుందా అని చూశాయి. ఒక పరీక్షలో గ్యాస్ వచ్చింది, మిగతా సాక్ష్యాలు దానికి తోడు రాలేదు, ప్రాణం వల్ల కాదు మట్టిలోని రసాయనాల వల్లే వచ్చిందని ఎక్కువమంది తేల్చారు.

పరీక్ష ప్రశ్న మారకపోతే ఇదంతా క్లాసులో నిలబడదు. సజీవుల లక్షణాలు రాయుము అని అడిగినంత కాలం పిల్లలు బట్టీయే పడతారు. వేయించిన వేరుశనగ గింజనీ పచ్చి గింజనీ ఎలా వేరుగా గుర్తిస్తావు, ఎన్ని రోజులు పడుతుంది, ఒక్క గింజ చాలా పది కావాలా అని అడిగితే మాత్రం ఆలోచించక తప్పదు.

ఆ ప్రశ్నకి జవాబు చాలామంది పిల్లల ఇళ్లల్లో ఏటా జరుగుతూనే ఉంటుంది. ఏరువాకకి ముందు విత్తనాలు పాడయ్యాయో లేదో చూసుకోవడానికి వంద గింజలు లెక్కపెట్టి, తడి గోనెపట్టాలో వరసగా పేర్చి, చుట్టి నీడన పెడతారు. వడ్లయితే వందకి 80 మొలవాలన్నది ధ్రువీకరణ విత్తనానికి పెట్టిన కనీస లెక్క. క్లాసులో ఈ మొలక పరీక్ష చేసి, వారం తర్వాత పట్టా విప్పి, మొలిచిన వాటిని లెక్కపెట్టి పక్కన పెట్టాక మిగిలిన గింజల్ని పిల్లల చేత ఒక్కొక్కటే నొక్కించి చూడాలి. కొన్ని మెత్తగా చితికి, బూజు పట్టి ఉంటాయి, అవి పోయినవి. కొన్ని మొలవకపోయినా గట్టిగానే ఉంటాయి, కొత్తగా కోసిన వడ్లకి కొన్ని రకాల్లో కొన్ని వారాలు నిద్రావస్థ ఉంటుంది కాబట్టి అవి ఇంకా బతికే ఉండొచ్చు. ఆ గట్టి గింజల్ని ఏ వరసలో రాయాలి అని పిల్లలు అడుగుతారు, వాటిని మళ్లీ తడి పట్టాలో చుట్టి ఇంకో వారం ఆగమనడమే.